దిబ్బ కన్నా పెద్ద వృత్తం

గౌతమి అక్కడ రెండు పాయలుగా చీలి, నడుమ ఒక సన్నని లంకను విడిచి, దిగువన మళ్ళీ కలుస్తుంది. ఆ లంక నడిమధ్యన ఒక దిబ్బ ఉంది. రామచంద్రపురం తంతి ఆఫీసులో నా బల్ల మీద పరిచిన పటంలో, ఆ దిబ్బ మీద స్తంభానికి గుర్తుగా ఒక చుక్క పెట్టాను. తరువాత, ఎవరూ అడగకుండానే, కంపాసు ముల్లును ఆ చుక్క మీద నిలిపి, స్తంభం ఎత్తును పటం కొలతకు తగ్గించి, అంత మేర రెండో కాలు తెరిచి ఒక చుట్టు తిప్పాను. పెన్సిలు గీత ఎక్కడా దిబ్బను తాకలేదు. వరద రోజుల లెక్కన చుట్టూ నీటిలోనే తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది.

అంటే ఆ స్తంభం ఏ దిక్కుకు పడినా దిబ్బ మీదే పడుతుంది. దిబ్బ మీద అది అందుకోలేని చోటు లేదు. గోదావరి పొంగినప్పుడు లంకలోని జనమంతా ఎక్కి నిలబడేది ఆ దిబ్బ మీదనే.

నేను చెన్నపట్నంలో సర్వే, నిర్మాణ విద్య నేర్చుకుని తంతి శాఖలో ఓవర్సీరుగా చేరినవాణ్ణి. మెట్టప్రాంతంలో పుట్టాను, ఈత రాదు. నీటిని కొలవడం తెలుసు గాని నీటిలో మెలగడం తెలియదు. డెల్టాలో ఉద్యోగం చేసిన అన్ని సంవత్సరాలూ ఈ రెండింటి మధ్య తేడా నన్ను వెంటాడుతూనే ఉంది.

గౌతమికి అవతల, మధ్య డెల్టాలో ఒక సంత ఊరు ఉంది. నేను మొదట చూసినప్పుడు అది కాలువ లాకు పక్కన ఒక వరుస దుకాణాలు, వెనుక కొబ్బరితోటలు, అంతే. కాలువలు పారి, మాగాణి పెరిగి, ధాన్యం పడవలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరడం మొదలైన తరువాత ఆ ఊరి రూపం మారిపోయింది. మునసబు కోర్టు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. రెండు వీధుల ఊరు అయిదారు వీధులయింది. కాకినాడ రేవులో బియ్యం ధర ఎంత పలికిందో తమకు మరునాటికి గాని తెలియడం లేదని వర్తకులు అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ చివర, ఒక మూలగా, వారు మరో మాట కూడా రాశారు: ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు పెరిగిందన్న కబురు నీటికంటే ముందు తమకు చేరితే ఏటిగట్టు మీద మనుషుల్ని పెట్టుకోగలమని. బియ్యం ధర మాట పై అధికారులను కదిలించింది. నన్ను కదిలించినది ఆ మూల మాట.

రామచంద్రపురం నుంచి ఏటి ఒడ్డు దాకా కాలువ గట్టు వెంట తీగ లాగడం కష్టమేమీ కాదు. చిక్కంతా నదిని దాటించడంలోనే ఉంది. అడుగున తీగ వేస్తే పడవల లంగర్లు దాన్ని బతకనివ్వవు. ఆనకట్ట మీదుగా చుట్టి తీసుకుపోతే దూరం ఎన్నో రెట్లవుతుంది. మిగిలినది లంక మీద ఒక స్తంభం నిలిపి, ఈ ఒడ్డు నుంచి అక్కడికి ఒక అంగ, అక్కడి నుంచి ఆ ఒడ్డుకు మరో అంగ వేయడం. లంకలో పల్లపు నేలను నది ఏటేటా కోసి మరోచోట పోస్తూ ఉంటుంది. కదలని నేల దిబ్బ ఒక్కటే.

ఎత్తు విషయంలో కూడా నాకు ఎంపిక లేదు. అత్యధిక వరద మట్టం, దాని మీద పోయే పడవ తెరచాప కొయ్య ఎత్తు, దాని పైన తీగ తన బరువుకు తాను కిందికి వంగే మేర, ఈ మూడూ కూడితే డెబ్బై అడుగులు వచ్చింది. స్తంభం మొదలు నుంచి దిబ్బ అంచుకు ఎటు కొలిచినా అరవై దాటదు.

ఆ వేసవిలో దిబ్బను కొలవడానికి వెళ్ళినప్పుడు అక్కడ చేపలు పట్టుకుని బతికే కుటుంబాలవారు నా చుట్టూ చేరారు. వారికి పెద్ద ఒక ముసలామె. భర్త పోయినా, అల్లుడు పడవ నడుపుతున్నా, దిబ్బ మీద చెల్లేది ఆమె మాటే. గొలుసు పట్టుకుని మా లైను కూలీ ఇటూ అటూ నడుస్తుంటే ఆమె చేపల గంప దించి తీరుబడిగా కూర్చుంది.

"ఏంటండి బాబుగారూ, మా దిబ్బకి పెళ్ళి రాట పాతుతున్నారా?"

"తంతి స్తంభం అవ్వా. దీని మీంచి తీగ పోతుంది. తీగలో కబురు పోతుంది."

"కబురు మా నెత్తి మీంచి పోద్ది. మాకేం చెప్పదు. అంతేగా అండి?"

ఆమె అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడామె దిబ్బ మీద ఉన్న తాడిచెట్లను ఒక్కొక్కటిగా చూపించి, ఏది ఎవరిదో చెప్పింది. ఆ చెట్లు కల్లుకోసమో ఆకుకోసమో పంచుకున్నవి కావు. వరదలో ఎవరి పడవను వారు తమ చెట్టుకు కట్టుకుంటారు. పరాయి చెట్టుకు అడగకుండా మోకు చుట్టరు. కూతురికి పెళ్ళి చేస్తే, అల్లుడు లంకవాడైనప్పుడు, చెట్టులో మోకు వాటా కూడా ఇస్తారు.

"మరి దీన్ని ఏ చెట్టుకి కడతారండి?" అని అడిగింది.

"చెట్టుకు కాదు. నాలుగు దిక్కులా ఇనుప తీగలు లాగి, దుంగలకు బిగించి, ఆ దుంగల్ని భూమిలో పాతిపెడతాం."

"భూమికి కడతారా?" ఆమె అల్లుడి వైపు తిరిగింది. "ఒరే, వరదలో భూమెక్కడుంటదో కాస్త బాబుగారికి చూపించరా."

ఆ పూటకు అది పరిహాసమే. దుంగలను ఎంత లోతున పాతాలో నేను లెక్క కట్టాను. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాని ఆఫీసుకు తిరిగి వచ్చి ఆ వృత్తం గీసిన తరువాత, ఆమె మాట నా చెవిలో నవ్వు లేకుండా వినిపించసాగింది.

వృత్తాన్ని మా దొరగారికి చూపించాను. ఆయన కఠినుడు కాడు. చాలాసేపు చూసి, "వరద రోజున పెనుగాలి ఉండదు. పెనుగాలి రోజున వరద ఉండదు. రెండూ ఒకసారే వస్తే మనం చేయగలిగినది ఏమీ ఉండదు," అన్నారు. వేరే చోటు చూపించమంటే చూపించలేను. నేను చేయగలిగినదల్లా ఇనుప తీగల మందం పెంచడం, దుంగలను మరింత లోతుకు దించడం. అదే సమయంలో, ఊరు పెరుగుతోంది కనుక ముందు ముందు మరిన్ని తీగలు కావలసి వస్తాయని, తల మీది అడ్డదూలాన్ని నాలుగు తీగలకు సరిపడేలా పెట్టవలసి వచ్చింది. ఒక్క తీగకు అంత దూలం అక్కరలేదు. రాబోయే ఊరి బరువును ముందుగానే దిబ్బ మీద వేలాడదీశాము. గాలికి తగిలే వెడల్పు ఎంత పెరిగిందో కూడా లెక్క వేశాను. ఆ అంకెను రెండుసార్లు సరిచూసి పటం అంచున రాశాను.

స్తంభాన్ని తాళ్ళరేవు ఓడ వడ్రంగులు చేశారు. మూడు టేకు మానులను ఓడ కొయ్యలాగ ఒకదానిలో ఒకటి దిగేసి, ఇనుప పట్టీలు బిగించారు. తీగను పింగాణీ గిన్నెల మీద నిలిపాము. కొయ్య తడిసినా విద్యుత్తు తీగను విడిచి కిందికి పారకుండా కాపాడేవి ఆ గిన్నెలే. నిలబెట్టిన రోజున దిబ్బ వారందరినీ పిలిచి, తీగను ఎవరూ ముట్టుకోరాదని, అది సర్కారు శిక్షకు కారణమవుతుందని చెప్పాను. మా లైను కూలీ తన వంతుగా, ముట్టుకుంటే పిడుగు పడ్డట్టే ఉంటుందని కలిపాడు. ముసలామె తలకొంగు సర్దుకుని, "ఆయ్, అలాగేనండి. తీగని మా నీడ కూడా ముట్టుకోదు," అంది.

మొదటి వరద ఇబ్బంది లేకుండా గడిచింది. నీరు దిబ్బ కాలిదాకా వచ్చి వెళ్ళింది. గాలి లేదు. దొరగారి మాట నిజమైంది. ఆ ఏడాదంతా నేను రాత్రి నిద్రలో ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేచానో ఆయనకు చెప్పలేదు.

రెండో ఏడు శ్రావణంలో ఎర్రనీరు వచ్చిన నాలుగయిదు రోజులకు తూర్పుగాలి పట్టుకుంది. తెల్లవారేసరికి ఆఫీసు పెంకులు ఎగురుతున్నాయి. ధవళేశ్వరం నుంచి కబురు వచ్చింది: ఆనకట్ట మీద నీరు పెరుగుతోంది, ఇంకా పెరిగే సూచన ఉంది. దాన్ని అవతలి ఊరికి పంపడానికి మా గుమాస్తా మీట నొక్కాడు. జవాబు లేదు. మళ్ళీ నొక్కాడు.

"ఏంటండి ఇది," అన్నాడు మెల్లగా. "ముల్లు చూడండి."

తీగ తెగిపోతే, అందులో పారే విద్యుత్తును చూపే ఆ ముల్లు కదలకూడదు. ఇక్కడ ముల్లు మామూలు కంటే ఎక్కువగా ఒరిగి ఉంది. అంటే విద్యుత్తు అవతలి ఊరు చేరకుండా దారిలోనే నేలలోకో నీటిలోకో పోతోంది. తీగ నిరోధాన్ని బట్టి, అది ఎంత దూరంలో నేలను తాకుతున్నదో లెక్క కట్టే పద్ధతి ఉంది. పరీక్ష పరికరాల పెట్టె తెరిచి, తీగలు బిగించి, ఒక్కొక్క అంకె సరిచూసుకుంటూ లెక్క కట్టాను. మరోసారి కట్టాను. రెండుసార్లూ ఒకే చోటు వచ్చింది. లంక.

ఆ లెక్క అంత కచ్చితంగా రాకపోయి ఉంటే బాగుండుననిపించింది. కాలువ గట్టు మీద ఎక్కడో కొమ్మ విరిగి పడిందని నమ్మేందుకు అది నాకు ఏ సందూ వదలలేదు. లంక దగ్గర తీగ నీటిని తాకుతున్నదంటే స్తంభం నిలబడి లేదు. స్తంభం నిలబడి లేదంటే అది దిబ్బ మీద పడి ఉంది. దిబ్బ మీద ఇప్పుడు ఎవరున్నారో నాకు తెలుసు. ఏ చెట్టు కింద ఏ కుటుంబం కూర్చుంటుందో కూడా తెలుసు. పటంలో వృత్తం గీసినవాణ్ణి నేనే గనుక, ఏ దిక్కుకు పడితే ఏ చెట్టు వారి మీద పడుతుందో నా మనసు దానంతట అదే కొలుస్తూ పోయింది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు.

లైను కూలీని వెంటబెట్టుకుని బయలుదేరాను. గట్టు మీద బండి పోయినంత దూరం బండిలో, తరువాత కాలినడకన. ఏటి ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. నది మీద వాన ఒక తెరలా నిలబడి ఉంది. లంక కనబడలేదు. ఒడ్డు మీది మా స్తంభం నుంచి తీగ ఆ తెలుపులోకి పోయి మాయమవుతోంది. ఎంత వంగి ఉందో చూసి అవతలి కొస ఎత్తును ఊహించవచ్చు. కాని గాలికి అది అటూ ఇటూ ఊగుతుంటే కంటికి ఆనలేదు. నాకు దుర్భిణిలోనూ ఏమీ దొరకడం లేదని లైను కూలీ గమనించి దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

పడవ సరంగు మొదట రానన్నాడు. "ఇవాళ గోదారి మన మాట వినదండి."

"దిబ్బ మీద స్తంభం పడిందేమోనని నా అనుమానం," అన్నాను.

అతడు నా ముఖం చూశాడు. ఆ దిబ్బ మీద అతని చెల్లెలు కాపురం ఉంది. వెంటనే పడవ విప్పాడు.

ఆ దాటడం గురించి నేను ఎక్కువ రాయలేను, ఎందుకంటే ఎక్కువ చూడలేదు. పడవ అడుగున కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకుని, నా మోకాళ్ళనే చూస్తూ ఉన్నాను. నీటి రంగు మాత్రం గుర్తుంది. తడి ఇటుక రంగు. వేళ్ళతో సహా ఒక మొత్తం చెట్టు మా పక్కనుంచి పోయింది. దాని మీద ఒక పాము చుట్టుకుని ఉందని సరంగు అంటే, నేను తలెత్తలేదు.

"అయ్యా," అన్నాడు లైను కూలీ. "పైకి చూడండి."

వాన తెరలో, నేను ఏమీ లేదని నమ్మిన చోట, అడ్డదూలం కనిపించింది. స్తంభం నిలబడే ఉంది. నిటారుగా కాదు, పడమటికి ఒరిగి, గాలి వచ్చినప్పుడల్లా మరికాస్త ఒరిగి, తిరిగి వస్తోంది. దాని తల నుంచి నాలుగయిదు నల్లటి గీతలు కిందికి దిగి ఉన్నాయి. మా ఇనుప తీగలు అంత లావుండవు. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి మోకులు. కొబ్బరి పీచుతో పేనిన పడవ మోకులు. పైన అడ్డదూలానికి, కింద తాడిచెట్లకు.

దిబ్బ మీద ఆవులు, మేకలు, బుట్టల కింద కోళ్ళు, తాటాకుల గొడుగుల కింద మనుషులు. ముసలామె స్తంభం మొదట్లోనే, నా వృత్తానికి కేంద్రంలో, పొయ్యి రాజేసే ప్రయత్నంలో ఉంది.

"రండి బాబుగారూ. మీ రాట పడిపోతోందని కబురందిందా?"

"అందరూ ఉన్నారా?" అన్నాను.

"ఉన్నామండి. ఒక మేకపోతు పోయింది. దానికి కోరికలెక్కువండి, ఆకు కోసం అంచుకెళ్ళింది."

తూర్పు వైపు అంచు నదిలోకి విరిగి పడిపోయింది. నేను అంత లోతున పాతించిన దుంగల్లో రెండు బయటపడి, వాటి తీగలు వదులుగా వేలాడుతున్నాయి. తెల్లవారుజామున స్తంభం కదలడం చూసి, ఆమె తమ మోకులు కొన్ని విప్పించి, రెండేసి పడవలను ఒక చెట్టుకే కట్టించి, మిగిలిన చెట్లకు స్తంభాన్ని కట్టించిందట. అది వారి వల్ల నిలబడి ఉంది. అందులో నాకు సందేహం లేదు.

కాని దాన్ని ఎక్కడ కట్టారో చూశాను. అడ్డదూలం కొసకు చుట్టిన ఒక మోకు, వానకు నాని, గాలికి వదులై, తీగ మీద పడి ఉంది. తడి పీచుతాడు గుండా విద్యుత్తంతా తాడిచెట్టు మొదట్లోకి పారిపోతోంది. నా లెక్క చెప్పిన చోటు ఇదే. లెక్క చోటు చెప్పింది. ఏమి జరిగిందో చెప్పలేదు.

"తీగకు తాడు తగిలింది," అన్నాను.

ముసలామె ముఖం మొదటిసారి మారింది. "లేదండి. తీగని మేం ముట్టుకోలేదు. మీరు వద్దన్నారని, నా అల్లుడు తీగకి దూరంగా దూలానికి కట్టాడు. ఒట్టండి."

"మీ తప్పు కాదు అవ్వా. తాడు తడిసి తీగ మీద పడింది. కబురు అవతలికి పోవడం లేదు."

"ఏం కబురండి?"

ధవళేశ్వరం మాట చెప్పాను. నీరు ఇంకా వస్తుందని, అవతలి ఊరివాళ్ళకు ఆ సంగతి తెలియదని. ఆమె గంప దించేది ఆ ఊరి సంతలోనే.

"అయితే తాడు తీసెయ్యాలంటారు."

"తీసేస్తే స్తంభం పడవచ్చు. ముందు ఇంకో మోకు గిన్నెల కిందుగా, తీగకు అందకుండా కట్టి, తరువాత దాన్ని తీయాలి."

"ఇంకో మోకు ఎక్కడుందండి? ఉన్నవన్నీ పడవలకీ మీ రాటకీనూ."

అందరం ఒక్కసారే సరంగు వైపు చూశాము. మేము వచ్చిన పడవ ముందు ఒక పొడుగాటి మోకు చుట్టి ఉంది. సరంగు నిదానంగా, "మోకు ఇస్తే ఇక్కడ కట్టుకోలేనండి. ఇప్పుడే వెనక్కి పోవాలి. మీరూ రావాలి మరి," అన్నాడు.

తిరిగి పోవచ్చునన్న ఆలోచన ఎంత బలంగా వచ్చిందో నేను దాచను. మేము బయలుదేరిన ఒడ్డున పొడి నేల ఉంది. ఇక్కడ నీరు పెరుగుతుందని ఈ దిబ్బ మీద అందరికంటే ముందు తెలిసినవాణ్ణి నేను. కాని గిన్నె ఎక్కడ, దూలం ఎక్కడ, తాడు ఏ ఎత్తున ఉంటే తీగకు తగలదో కింద నిలబడి చెప్పవలసినవాణ్ణీ నేనే. మోకు తీసుకున్నాను. సరంగు చెల్లెలితో రెండు మాటలు చెప్పి, పడవ నీటిలోకి తోశాడు. అది వాన తెరలోకి పోయేదాకా నేను అటే చూస్తూ ఉన్నాను.

ఎక్కేది ముసలామె అల్లుడు. తెరచాప కొయ్యలెక్కిన చేతులు. ఎక్కే ముందు నన్ను అడిగాడు, "తీగ తగిలితే ఏమవుతదండి?"

"ఏమీ కాదు. కాస్త జివ్వుమంటుంది."

"పిడుగన్నారు కదండి అప్పుడు."

లైను కూలీ మరో వైపు తిరిగి నిలబడ్డాడు.

"అందరూ స్తంభం కింద నుంచి పక్కకు జరగండి," అన్నాను.

"ఎక్కడికి జరగమంటారండి?" అంది ముసలామె. "గోదాట్లోకా?"

ఎవరూ కదలలేదు. కదిలే చోటు లేదని వారికంటే నాకే బాగా తెలుసు. పిల్లలను మాత్రం తల్లులు ఒళ్ళోకి లాక్కున్నారు.

అల్లుడు పైకెక్కి, గిన్నెల కింద కొత్త మోకు చుట్టి ముడివేశాడు. కింద లైను కూలీ, మరో ముగ్గురు దాన్ని బిగించి ముసలామె చెట్టుకు కట్టారు. అప్పుడు పై మోకు విప్పమని చేయి ఊపాను. ముడి నానిపోయి రాలేదు. కత్తితో కోశాడు. తాడు జారిన క్షణంలో స్తంభం మొత్తం పడమటికి వాలింది. పట్టీల దగ్గర టేకు మూలిగిన చప్పుడు నా పళ్ళలో వినిపించింది. ఒక ఆవు లేచి నిలబడింది. కొత్త మోకు నీరు చిమ్ముతూ సాగి, గట్టిపడి, ఆగింది. స్తంభమూ ఆగింది.

లైను కూలీ సంచిలో చేతి ముల్లు పరికరం ఉంది. దాని సన్నని తీగ కొసను పైనున్న అల్లుడు లైను తీగకు తగిలించాడు. తగిలించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. రెండో కొసను తడి మట్టిలో గుచ్చి, పరికరాన్ని గొడుగు కింద పెట్టుకుని చూశాను. కొంతసేపు ఏమీ లేదు. తరువాత ముల్లు కదిలింది. మా గుమాస్తా అక్కడ విసుగు లేకుండా అవతలి ఊరిని పిలుస్తూనే ఉన్నాడు. పిలుపు, మళ్ళీ పిలుపు, తరువాత ఎదుటి నుంచి జవాబు. ఆ తరువాత ధవళేశ్వరం కబురు అక్షరం అక్షరంగా మా తలల మీదుగా పోయింది. పొద్దున నేను చూసిన మట్టం కాదది, అంతకంటే ఎక్కువ. చివర అవతలివాడు అందిందని కొట్టాడు.

"ఏమంటోందండి?" అని ముసలామె అడిగింది.

అప్పటిదాకా నా పనిలో కబురు చదివి మరొకరికి అందించడమే ఉంది గాని, ఆ కబురు నీటిలో కూర్చుని చదవడం లేదు. చెప్పనా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. ఇంకా ఒక మూర పైగా రావచ్చునని, అది సాయంత్రానికి ఇక్కడికి చేరుతుందని. ఆమె లేచి, కొంగు నడుముకు చుట్టుకుని, పల్లపు వైపున్నవారిని పైకి జరిపించింది. ఆవులను అంచున నిలబెట్టారు. మాకిద్దరికీ స్తంభం మొదట్లో చోటు చూపించింది.

"మా తలకాయల మీంచే పోద్దనుకున్నాం కబురు," అంది. "ఇవాళ దిగిందండి."

ఆ సాయంత్రం నీరు పెరగడాన్ని నేను ఒక వెదురు పుల్ల గుచ్చి చూస్తూ కూర్చున్నాను. గాలి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ప్రతిసారీ మోకులు గట్టిపడే చప్పుడు, ప్రతిసారీ అందరూ మాట ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం. నాకు గంజి పోశారు; పుల్ల మీంచి చూపు తిప్పకుండానే తాగాను. చీకటి పడేవేళ పుల్ల మీది గుర్తు దగ్గర నీరు నిలిచింది. అది నిలిచిందని నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది. తెల్లారేసరికి గుర్తు కింద ఒక చారెడు తడి మట్టి బయటపడి ఉంది. అవతలి ఊరిలో ఏటిగట్టు ఒకచోట జారిందని, మనుషులు ముందే ఉండడం వల్ల మట్టి బస్తాలతో ఆపారని ఆ తరువాత విన్నాను.

స్తంభం మరమ్మతు పటం పంపినప్పుడు, పింగాణీ గిన్నెలకు కిందుగా నాలుగు ఇనుప కడియాలు గీశాను. ఇవి దేనికని దొరగారు పక్కన రాసి తిప్పి పంపారు. లంకవారి మోకులకని జవాబు రాశాను. ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం చేశారు. దుంగలను దిబ్బ లోపలికి జరిపాము. దానివల్ల ఇనుప తీగలు మరింత నిలువుగా దిగి, వాటి పట్టు కొంత తగ్గింది. ఆ తగ్గినంత మేర మోకుల మీద ఆధారపడ్డామని పటంలో రాయడానికి మాత్రం తగిన మాట దొరకలేదు.

ఆ తరువాత ప్రతి ఆషాఢంలో కడియాలు చూడటానికి నేనే వెళ్ళేవాణ్ణి. పడవలో నా మోకాళ్ళనే చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి. వానలకు ముందే దిబ్బవారు పాత మోకులు తీసి కొత్తవి కట్టి ఉంచేవారు. ఏ కడియం ఏ చెట్టువారిదో వారిలో వారు నిర్ణయించుకున్నారు. ఊరు పెరిగింది. ఒక ఏడు నేను వెళ్ళేసరికి ముసలామె దూలం వైపు చూస్తూ ఉంది.

"ఈ ఏడు ఇంకో తీగ కడతారంట కదండి?"

"అవును. రెండోది."

"బరువు పెరుగుద్దా?"

"పెరుగుతుంది."

ఆమె అల్లుణ్ణి పిలిచి, పీచు నానబెట్టమని చెప్పింది. నేను స్తంభం మొదట్లో నిలబడి, అక్కడి నుంచి దిబ్బ అంచుకు ఎంత ఉందో అలవాటుగా కళ్ళతో కొలిచాను. నది ఆ ఏడు మరికొంత కోసింది. వృత్తం ఇంకా నీటిలోనే ఉంది.